బ్రామ్స్: పియానో క్వింటెట్టా, క్లారినెట్ క్వింటెట్టా?

జర్మన్ స్వరకర్త బ్రామ్స్ ఛాంబర్ సంగీతం (కొద్దిమంది వాద్యకారులు కలిసి వాయించేది) వినడం మొదలుపెట్టేవాళ్లు ఎక్కువగా ఈ రెండు క్వింటెట్ల దగ్గరే తటపటాయిస్తారు. క్వింటెట్ అంటే ఐదు వాద్యాల రచన: ఇక్కడ నాలుగు తీగవాద్యాలతో ఒకదాంట్లో పియానో, ఇంకోదాంట్లో క్లారినెట్.

పుట్టుక: పియానో క్వింటెట్ 1864లో పూర్తయింది. ముందు రెండు చెల్లోలు (వయొలిన్ జాతి పెద్ద వాద్యాలు) ఉన్న తీగవాద్యాల క్వింటెట్‌గా, తర్వాత రెండు పియానోల సొనాటాగా (కొన్ని భాగాలుండే వాద్య రచన) రాసి, మూడోసారికి ఈ రూపానికి తెచ్చాడు. క్లారినెట్ క్వింటెట్ 1891 నాటిది. ఇక రాయడం ఆపేద్దామనుకున్న మనిషి చేత రిచర్డ్ మ్యూల్‌ఫెల్ట్ క్లారినెట్ వాయింపు మళ్లీ కలం పట్టించింది.

సమయం: రెండూ దాదాపు 40 నిమిషాలే.

వినే తీరు: మొదటిది గట్టిగా పట్టుకుంటుంది, ముఖ్యంగా తరుముకొచ్చే స్కెర్ట్సో అనే వేగమైన భాగం. రెండోది మెల్లగా లోపలికి దిగుతుంది. నెమ్మది భాగం మధ్యలో క్లారినెట్ హంగేరియన్ జిప్సీ ధోరణిలో విజృంభిస్తుంది. చివర్లో మొదటి భాగపు రాగం తిరిగొస్తుంది. అక్కడ నాకు ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది.

రిస్క్: పియానో మరీ మోగితే తీగల గొంతు వినపడదు. క్లారినెట్‌ది ఆఫీసు టెన్షన్‌లో సగం చెవితో వింటే నిద్రొస్తుంది.

బ్రామ్స్ కొత్తయితే పియానోది వినండి. రాత్రి ఒంటరిగా, తీరిగ్గా ఉంటే క్లారినెట్‌ది. నా ఓటు దానికే.