కరీబియన్ సాస్‌కి ఏ మార్కెట్ మేలు: మయామీయా, లండనా, మార్టినీకా?

కరీబియన్ దీవి దేశాలైన డొమినికాలోనో సెయింట్ లూసియాలోనో మిరపకాయలతో పెప్పర్ సాస్ చేసే చిన్న కంపెనీ ఉందనుకోండి. డొమినికా జనాభా సుమారు 70 వేలు, అంటే మన దగ్గర ఒక చిన్న మున్సిపాలిటీ. ఊళ్లో అమ్మకాలతో బాయిలర్ ఖర్చు కూడా రాదు. సరుకు దీవి దాటాల్సిందే. ఎటు దాటాలన్నదే ప్రశ్న.

అందరికీ ముందు తోచేది అమెరికా. కారణం ఉంది. ఈ దీవుల్లో వాడే తూర్పు కరీబియన్ డాలర్ 1976 నుంచి అమెరికా డాలర్‌కి 2.70 దగ్గర కట్టేసి ఉంది, కాబట్టి మారకం టెన్షన్ లేదు. 1984 నుంచి కరీబియన్ సరుకుల్లో చాలావాటికి సుంకం మినహాయింపూ ఉంది. కానీ 2025 ఏప్రిల్‌లో వాషింగ్టన్ దాదాపు అన్ని దేశాల మీదా 10 శాతం అదనపు సుంకం ప్రకటించినప్పుడు ఆ మినహాయింపు ఎంత పల్చనిదో అర్థమైంది. అదే ప్రాంతంలోని గయానాకైతే మొదట 38 శాతం అన్నారు. సుంకం మాట పక్కన పెట్టినా కాగితాలు తక్కువేం కాదు. వెనిగర్ కలిపిన సాస్ పిహెచ్ (ఇది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.6 దాటకూడదు, తయారీ పద్ధతిని అక్కడి ఆహార నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దగ్గర నమోదు చేయాలి, ఫ్యాక్టరీ రిజిస్ట్రేషన్ రెండేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి, అక్కడి దిగుమతిదారు మీ శుభ్రతకు పూచీ పడాలి. ఇంతా చేశాక మయామీ డిస్ట్రిబ్యూటర్ కంటైనర్ల లెక్కన, నెలనెలా తప్పకుండా కావాలంటాడు. ఒక్క తుఫానుకే తోటలు పోయే దీవి ఆ మాట ఎలా ఇస్తుంది? 2017లో మరియా తుఫాను డొమినికాకు చేసిన నష్టం ఆ దేశ ఏడాది ఆదాయానికి రెండింతల పైమాటే.

బ్రిటన్ సంగతి వేరు. 1948లో ఎంపైర్ విండ్‌రష్ ఓడ టిల్బరీ రేవుకు చేరినప్పటి నుంచీ అక్కడ కరీబియన్ జనం స్థిరపడ్డారు. వాళ్లకు ఈ రుచులు కొత్తగా నేర్పనక్కర్లేదు. జమైకా వాళ్ల ఆకీ పండే చూడండి: పచ్చిగా ఉంటే విషమని అమెరికా 1973 నుంచి 2000 దాకా దాన్ని రానివ్వలేదు. లండన్‌లోని బ్రిక్స్‌టన్ దుకాణాల్లో మాత్రం ఆకీ డబ్బాలు మామూలు సరుకు. బ్రెగ్జిట్ తర్వాత కూడా సుంకం లేకుండా పంపుకునేలా 2019లోనే ఒప్పందం కుదిరింది. కాకపోతే ఈ అల్మారాల్లో ఇప్పటికే జమైకా పెద్ద బ్రాండ్లు కూర్చుని ఉన్నాయి. పైగా బ్రిటన్‌ని నమ్ముకుని ఒకసారి దెబ్బ తిన్న దీవులివి. డొమినికా, సెయింట్ లూసియా ఉన్న విండ్‌వర్డ్ దీవుల అరటికి యూరప్ ఇచ్చిన ప్రత్యేక కోటా చెల్లదని 1997లో డబ్ల్యూటీఓ తీర్పు చెప్పాక వేలమంది చిన్న రైతులు అరటి మానేశారు.

ఇక ఎవరూ పెద్దగా లెక్కలోకి తీసుకోని మార్కెట్ పక్క దీవులు మార్టినీక్, గ్వాడలూప్. మ్యాప్ చూస్తే నవ్వొస్తుంది. డొమినికా సరిగ్గా ఆ రెంటి మధ్యలో ఉంది. సెయింట్ లూసియా నుంచి మార్టినీక్ 40 కిలోమీటర్లు కూడా లేదు. కానీ అవి ఫ్రాన్స్‌లో భాగం, అంటే యూరోపియన్ యూనియనే. యూనియన్‌తో 2008లో కుదిరిన ఒప్పందం ప్రకారం కరీబియన్ సరుకుకు అక్కడ దిగుమతి సుంకం సున్నా. ఆ రెండు దీవుల్లో కలిపి ఏడు లక్షల మంది యూరోల్లో ఖర్చు పెడతారు. చాలా సామాన్లు ఏడు వేల కిలోమీటర్ల అవతలి ఫ్రాన్స్ నుంచి రావడం వల్ల 2022 ప్రభుత్వ లెక్కల్లో మార్టినీక్‌లో తిండి సరుకుల ధర ఫ్రాన్స్ కంటే 40 శాతం ఎక్కువని తేలింది. 2024 సెప్టెంబర్‌లో జనం దీనిమీదే రోడ్లెక్కారు.

రుచి పేచీ కూడా లేదు. మార్టినీక్ వాళ్ల ఇష్టమైన వంటకం ‘కొలంబో’ అసలు 1850ల నుంచి పుదుచ్చేరి, కారైకాల్ వైపు నుంచి చెరకు తోటలకు వెళ్లిన కూలీల మసాలా. కారం వాళ్లకు అలవాటే. ఇటు డొమినికా, లూసియా జనం ఇంట్లో మాట్లాడే క్వెయోల్, అటు మార్టినీక్ క్రియోల్ దాదాపు ఒకటే. బేరానికి దుబాసీ అక్కర్లేదు. డొమినికా ‘హక్‌స్టర్లు’, అంటే కూరలు, పండ్లు పడవల్లో పక్క దీవులకు తీసుకెళ్లే వ్యాపారులు, వీళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే, ఈ దారి ఎప్పుడో పట్టారు. సీసాల సరుకూ ఆ దారి పట్టొచ్చు.

అడ్డంకులు మాత్రం నిజమైనవే. లేబుల్ ఫ్రెంచిలోనే ఉండాలి, క్వెయోల్ చెల్లదు. శుభ్రత నిబంధనలు పారిస్‌కి ఎలాగో ఇక్కడా అంతే. ‘ఒక్త్రువా ద మేర్’ అనే స్థానిక పన్ను ఉంది. సుంకం సున్నా అయినా దీన్ని కొనసాగించుకోవచ్చని ఒప్పందమే ఒప్పుకుంది. యూరో విలువ పడిపోతే లాభం కొంత కరుగుతుంది.

అయినా నా ఓటు దీనికే. జమైకా ఆకీ వాళ్లు లండన్ వదలక్కర్లేదు, ట్రినిడాడ్ బిటర్స్ (పానీయాల్లో చుక్కలు వేసే చేదు సారం) లాంటి పాత బ్రాండ్లకు అమెరికాను తట్టుకునే సత్తా ఉంది. డొమినికా, సెయింట్ లూసియా చిన్న కంపెనీకి మాత్రం కంటైనర్ నింపాల్సిన పని లేకుండా పది పెట్టెలు పంపి, అవి అమ్ముడైతే ఇంకో ఇరవై పంపుకునే వీలు ఈ మూడింట్లో ఇక్కడొక్కచోటే ఉంది. ముందు ఫ్రెంచి లేబుల్‌కీ ల్యాబ్ పరీక్షకీ డబ్బు తీసిపెట్టుకుని, మార్టినీక్ రాజధాని ఫోర్-ద-ఫ్రాన్స్‌లో సూపర్ మార్కెట్ చైన్ల జోలికి పోకుండా వీధి కిరాణా కొట్లతో మొదలుపెట్టాలి. చైన్లు అప్పు మీద సరుకు అడుగుతాయి, కొట్టువాడు సాధారణంగా అక్కడికక్కడే డబ్బిచ్చేస్తాడు.