చెన్నైకి తీసుకెళ్లాలా, నెల్లూరులోనే చూపించాలా? డిస్లెక్సియా పిల్లలకు ఏది మేలు

"మేడమ్, మా పాపకు డిస్లెక్సియా అని రిపోర్ట్ వచ్చింది. చెన్నైలో మంచి సెంటర్ ఉందంట, తీసుకెళ్లమంటారా? నెల్లూరులో చూపిస్తే సరిపోతుందా?"

డిస్లెక్సియా అంటే అక్షరాలు, మాటలు చదవడంలో పిల్లలకు ఉండే ఇబ్బంది. ఈ రెండేళ్లలో నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇదే. కావలిలో మా వీధివాళ్లు అడిగారు, ఒంగోలు, సింగరాయకొండ నుంచి ఫోన్ చేసి అడిగారు, స్కూల్ కాంప్లెక్స్ మీటింగులో పక్కన కూర్చున్న టీచర్లు అడిగారు. ఫోన్‌లో హడావిడిగా చెప్పేటప్పుడు ముఖ్యమైన మాట ఒకటి ప్రతిసారీ మిగిలిపోతోంది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

నేను డాక్టర్‌ని కాదు, సైకాలజిస్టునీ కాదు. కావలి దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలలో ఎస్‌జీటీని, అంటే చిన్న తరగతుల టీచర్‌ని. మా అబ్బాయి ఇప్పుడు ఏడో తరగతి. వాడికి డిస్లెక్సియా ఉందని మూడో తరగతిలో తెలిసింది. రోజూ 30 మంది పిల్లలకు అక్షరాలు దిద్దించే నేను, ఇంట్లో నా బిడ్డ ఎందుకు చదవలేకపోతున్నాడో రెండేళ్లు గుర్తించలేకపోయాను. ఆ రెండేళ్లు వాడిని కోప్పడ్డాను, ఒకసారి కొట్టాను కూడా. ఆ బాధ ఇంకా పోలేదు.

రిపోర్ట్ వచ్చాక చాలామంది మొదట చేసేది ట్యూషన్ పెంచడం. దాని గురించి ఎక్కువ చెప్పను. బడిలో చెప్పిన పాఠాన్నే అదే పద్ధతిలో సాయంత్రం మరో రెండు గంటలు చెప్పిస్తే ఈ పిల్లలకు ఒరిగేదేమీ లేదు. వాడికి కావాల్సింది వేరే దారి. ట్యూషన్ మాన్పించి ఆ గంట ఆడుకోనిచ్చినా నష్టం లేదు.

ఇక చెన్నై. మంచి పేరుంది, ఆ పేరు ఊరికే రాలేదు. మద్రాస్ డిస్లెక్సియా అసోసియేషన్ 1990ల మొదట్నుంచి ఈ పనిలోనే ఉంది. అక్కడ పిల్లలకు పాఠాలు చెప్పడంతో పాటు టీచర్లకు శిక్షణ కూడా ఇస్తారు. అలాంటి చోట చిన్న చిన్న గ్రూపులుంటాయి. టీచర్లకు ఈ సమస్య తప్ప వేరే ధ్యాస ఉండదు. ఇంకో మేలు కూడా ఉంది. క్లాసులో తనలాంటి పిల్లలు నలుగురు కనిపించగానే పిల్లాడికి "నేనొక్కడినే ఇలా లేను" అని ధైర్యం వస్తుంది. మేమూ వెళ్లి ఒక సెంటర్ చూసి వచ్చాం. వెనక్కి వచ్చేటప్పుడు పినాకిని రైల్లో మా ఆయన, నేను కావలి దాకా దాని గురించే మాట్లాడుకున్నాం. అక్కడే ఇల్లు తీసుకుని, నేను సెలవు పెట్టి ఏడాది ఉందామా అని లెక్కలు కూడా వేసుకున్నాం.

వద్దనుకోవడానికి డబ్బు ఒక కారణం, నా ఉద్యోగం మరో కారణం. అసలు కారణం మాత్రం భాష. ఫోన్‌లో సరిగ్గా చెప్పలేకపోతున్నది దీని గురించే.

డిస్లెక్సియా ఉన్న పిల్లలకు అక్షరం కంటే ముందు శబ్దం దగ్గర ఇబ్బంది ఉంటుంది. మాటలో ఉన్న శబ్దాలను విడగొట్టి, ఒక్కోదాన్నీ ఒక్కో గుర్తుకు జోడించడం వాళ్లకు కష్టం. అందుకే మంచి స్పెషల్ ఎడ్యుకేటర్, అంటే ఇలాంటి పిల్లలకు నేర్పడంలో శిక్షణ పొందిన టీచర్, పుస్తకం తీయకముందే నోటితో, చేతులతో పని మొదలుపెడతారు. "కా-వ-లి" అని మూడు చప్పట్లు. "నె-ల్లూ-రు" అని మూడు చప్పట్లు, మధ్యదానికి చెయ్యి సాగదీయాలి. చిన్నప్పటి నుంచి చెవిలో పడిన మాటలైతేనే పిల్లాడు ఈ ఆట ఆడగలడు. తెలియని భాషలో శబ్దాలు విడగొట్టమంటే వాడికి రెండు పనులు ఒకేసారి నెత్తిన పెట్టినట్టవుతుంది.

మేం చూసిన చోట పాఠం ఇంగ్లీష్‌లో, మాట ఇంగ్లీష్‌లోనో తమిళంలోనో నడుస్తోంది. వాళ్ల ఊరికి, వాళ్ల పిల్లలకు అదే సరైనది. ఇంట్లో "యాడికి పోతుండావ్ మా" అని మాట్లాడే మా వాడికి మాత్రం అది మరో అడ్డంకి.

ఇంకో సంగతి చెప్తాను. మా వాడు తెలుగు వాచకంలో "ఎక్కడికి" అని ఉన్నచోట "యాడికి" అని చదివేవాడు. నేను విని, యాసలో అంటున్నాడులే అని వదిలేసేదాన్ని. నెల్లూరులో మాకు దొరికిన టీచర్ మొదటి వారంలోనే పట్టుకున్నారు. "వీడు అక్షరాలు చదవడం లేదమ్మా. మొదటి అక్షరం చూసి, వాక్యం అర్థాన్ని బట్టి మిగతాది ఊహిస్తున్నాడు" అన్నారు. అది తెలియాలంటే ఆ టీచర్‌కి తెలుగు రావాలి, అందులోనూ మన నెల్లూరు మాట తెలియాలి. చెన్నైలో ఎంత గొప్ప టీచర్ అయినా దీన్ని ఎలా పట్టుకుంటారు?

తెలుగు చదవడంలో ఉండే ఇబ్బంది కూడా ఇంగ్లీష్‌లో ఉన్నలాంటిది కాదు. ఇంగ్లీష్‌లో అక్షరాలు 26 అయినా శబ్దాలు 44 దాకా ఉంటాయి, ఒకే అక్షరం ఒక్కోచోట ఒక్కోలా పలుకుతుంది. తెలుగులో ఆ గొడవ దాదాపు లేదు, రాసినట్టే చదువుతాం. కానీ గుర్తులు ఎక్కువ, అవీ ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. ప, వ, మ, య నాలుగూ మా వాడికి ఒకే బొమ్మలా కనిపించేవి. గుడి పెట్టాల్సిన చోట గుడిదీర్ఘం, ఎత్వం ఉన్నచోట ఏత్వం. కొమ్ము చాలా అక్షరాలకు పక్కన వస్తుంది, పు, వు దగ్గరికొచ్చేసరికి కింద నుంచి తిరుగుతుంది. అక్కడ ఆగిపోయేవాడు. ఇక వత్తుల దగ్గర మరీ కష్టం. త, న, మ, య, ర, ల వత్తులకు అసలు అక్షరంతో పోలికే ఉండదు కదా. "పిల్లి"ని "పిలి" అని, "అమ్మ"ను "అమ" అని చదివేవాడు.

మా నెల్లూరు టీచర్ గుణింతాలను వరసగా బట్టీ పట్టించలేదు. ఒక వారమంతా గుడి, గుడిదీర్ఘం రెండే. పొట్టి శబ్దానికి వేలు ఒక్కసారి తట్టాలి, పొడుగు శబ్దానికి బల్ల మీద వేలు లాగాలి. పళ్లెంలో ఇసుక పోసి, శబ్దం పైకి పలుకుతూ అందులో రాయించేవారు. కన్ను, చెవి, నోరు, చెయ్యి కలిపి నేర్పే ఈ పద్ధతికి మూలం అమెరికాలో శామ్యూల్ ఆర్టన్ అనే డాక్టర్, అన్నా గిల్లింగ్‌హామ్ అనే ఉపాధ్యాయురాలు చేసిన పని అని తర్వాత తెలుసుకున్నాను. మా నాయనమ్మకు చెబితే, "మా అయ్యవారు మాకు ఇసకలోనే గదా దిద్దించింది" అంది. అక్కడ ఇసుక ఉండేది, ఒక్కో పిల్లాడి తప్పు చూసి పాఠం మార్చే తీరికే ఉండేది కాదు.

అలాగని నెల్లూరులో అన్నీ బాగున్నాయని కాదు. ఈ పనిలో నిజంగా శిక్షణ ఉన్నవాళ్లు తక్కువ. బోర్డు పెట్టుకున్న ప్రతి ఒక్కరూ స్పెషల్ ఎడ్యుకేటర్ కాదు. స్పెషల్ ఎడ్యుకేటర్లను నమోదు చేసే కేంద్ర సంస్థ రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు ఉందా, నంబర్ ఎంత అని మొహమాటం లేకుండా అడగండి. అర్హత ఉన్నవాళ్లు సంతోషంగా చూపిస్తారు. మేం మొదట వెళ్లిన ఒక చోట నంబర్ అడిగితే కోప్పడ్డారు. మాట మార్చి స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, మెదడు వ్యాయామాలు అన్నీ కలిపి ఆరు నెలల ప్యాకేజీ చెప్పారు. మా వాడికి మాటలో లోపం లేదు, చేతుల్లో లోపం లేదు. చదవడం రాని పిల్లాడికి చదవడమే నేర్పాలి. మందులు, రంగు అద్దాలు అంటే అసలే ఒప్పుకోవద్దు.

డిస్లెక్సియా ఉందో లేదో తేల్చే పరీక్షల కోసం నెల్లూరులో కేంద్ర ప్రభుత్వానిది సీఆర్‌సీ అనే దివ్యాంగుల సేవా కేంద్రం ఉంది, సికింద్రాబాద్‌లోని ఎన్‌ఐఈపీఐడీ అనే జాతీయ సంస్థ కింద నడుస్తుంది. ముందు అక్కడ అడిగి చూడమనే నేను అందరికీ చెప్తాను.

దూరం కూడా ఆలోచించాలి. కావలి నుంచి నెల్లూరు 50 కిలోమీటర్ల పైనే. వారానికి రెండు రోజులు 45 నిమిషాల క్లాసుకు వెళ్లేవాళ్లం. ఆ రెండు రోజులతోనే వాడు చదవడం నేర్చుకున్నాడంటే అబద్ధం అవుతుంది. మిగతా రోజుల్లో ఆ టీచర్ రాసిచ్చిన కాగితం చూసి నేను రోజూ 20 నిమిషాలు చేయించాను. పండగ రోజు కూడా ఆపలేదు. చెన్నైలో ఏడాది ఉండి వచ్చి ఆ తర్వాత ఆపేసిన పిల్లలు మళ్లీ వెనకబడటం నేను చూశాను. దగ్గరగా ఉండి, మన భాషలో, రోజూ కొంచెం. నా ఓటు దీనికే.

మరి చెన్నై ఎవరికి? పిల్లాడు పెద్ద తరగతిలో ఉండి, ఇంట్లో కూడా ఇంగ్లీష్ బాగా నడుస్తుంటే, తల్లిదండ్రుల్లో ఒకరు అక్కడ ఉండగలిగితే వెళ్లండి. సూళ్లూరుపేట వైపు వాళ్లకు చెన్నై లోకల్ రైలు దూరమే కాబట్టి వాళ్ల లెక్క వేరు. ఒక్కసారి పరీక్ష చేయించి రెండో అభిప్రాయం తీసుకోవడానికి ఎవరైనా వెళ్లొచ్చు.

ప్రభుత్వ బడి పిల్లల తల్లిదండ్రులు ఈ రెండూ అడగరు. అడిగే స్థోమత లేదు. వాళ్లకు మండలంలో భవిత కేంద్రం ఉంది, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం పెట్టింది. ఉచితం, తెలుగులోనే నడుస్తుంది. అక్కడ నేర్పే టీచర్లు (ఐఈఆర్‌పీలు అంటారు) స్పెషల్ ఎడ్యుకేషన్ చదువుకున్నవాళ్లే. ఇబ్బంది ఏమిటంటే నడవలేని పిల్లలు, మాట రాని పిల్లలు, మంచం మీదున్న పిల్లలు అందరి భారమూ మండలానికి ఒకరిద్దరి మీదే ఉంటుంది. పైకి ఏ లోపమూ కనిపించని డిస్లెక్సియా పిల్లల వంతు చివర్లో వస్తుంది. దానికి వాళ్లను తప్పుపట్టలేను.

అయినా భవితను తక్కువగా చూడొద్దు. మూడేళ్ల క్రితం మా బడిలో సముద్రం ఒడ్డు ఊరి నుంచి వచ్చే ఒక పాప ఉండేది. మూడో తరగతికి వచ్చినా తన పేరు తప్ప ఏదీ చదవలేదు. లెక్కలు నోటితో అడిగితే టకటకా చెప్పేది. భవిత మేడమ్‌ను బతిమాలి ఒకరోజు మా బడికి పిలిచాను. ఆమె రోజూ రాలేరు కాబట్టి, ఏం చేయాలో నాకే నేర్పించి వెళ్లారు. నెలకోసారి వచ్చి చూసేవారు. ప్రార్థన గంట కొట్టకముందు రోజూ 20 నిమిషాలు ఆ పాప, నేను వరండాలో కూర్చునేవాళ్లం. ఏడాదికి వత్తులున్న మాటలు చదవసాగింది. నెమ్మదిగానే, కానీ తనంతట తాను. ఇప్పుడు మన ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో ఒక పక్క తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లీష్ ఉంటాయి కదా, అది ఇలాంటి పిల్లలకు పెద్ద సాయం. తెలుగు పేజీ చదివి అర్థం చేసుకుని ఇంగ్లీష్ పేజీకి వెళ్తుంది. మీ పిల్లలు ప్రభుత్వ బడిలో ఉంటే టీచర్‌ని, భవిత మేడమ్‌ని ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించండి. ఈ పని ఎవరికి వారు చేస్తే కాదు.

ఆన్‌లైన్ క్లాసుల గురించి అడుగుతున్నారు. పదేళ్లు దాటి, కొంత చదవడం వచ్చిన పిల్లలకు పర్వాలేదు. అక్షరాల దగ్గరే ఉన్నవాళ్లకు వద్దు. ఇసుకలో రాసే చెయ్యి పట్టుకోవడానికి పక్కన మనిషి ఉండాలి. ఎన్‌ఐఓఎస్, అంటే కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూల్ సంగతి పదో తరగతి దగ్గర ఆలోచించండి. సబ్జెక్టులు ఎంచుకోవచ్చు, అయిదేళ్లలో విడతలుగా రాసుకోవచ్చు. అయిదో తరగతి పిల్లాడి గురించి ఇప్పుడే ఆ టెన్షన్ అక్కర్లేదు.

వైకల్య సర్టిఫికెట్ మాత్రం వాయిదా వేయకండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో చేర్చిన 21 రకాల వైకల్యాల్లో డిస్లెక్సియా లాంటి అభ్యసన ఇబ్బందులూ ఉన్నాయి. బిడ్డకు ఆ ముద్ర ఎందుకని మా అత్తగారు ఏడాది పాటు ఒప్పుకోలేదు. పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి కావాలంటే ఆ కాగితం ఉండాలి.

మా వాడికి తెలుగు గాడిన పడింది. ఇంగ్లీష్ నెమ్మదిగా వస్తోంది. తెలుగులో శబ్దాలు విడగొట్టడం వచ్చాక ఇంగ్లీష్‌లో అదే పని వాడికి సులువైంది. హిందీ దగ్గరే ఇంకా ఆగిపోతున్నాడు. మూడో లిపి వాడి వల్ల కావడం లేదు. వాడిది సీబీఎస్‌ఈ బడి కాబట్టి మూడో భాష నుంచి మినహాయింపు అడగొచ్చు. సోమవారం సెలవు పెట్టి ఆ అర్జీ ఇవ్వడానికి వెళ్తున్నాను.