టీవీ షాపింగ్ ఛానళ్లు: ఏళ్ల తరబడి చూసి, కొన్నాక

టీవీ షాపింగ్ అనగానే చాలామంది "అంతా మోసం" అని ఒక్క మాటలో కొట్టిపారేస్తారు. ఏళ్ల తరబడి ఈ ఛానళ్లు చూస్తూ, అప్పుడప్పుడూ కొంటూ వస్తున్న నాకు అది సగమే నిజమనిపిస్తుంది. ఆర్డర్ పెట్టినవి దాదాపు అన్నీ ఇంటికి చేరాయి. బెడ్‌షీట్లు బాగానే మన్నాయి. సూట్‌కేసు ఇప్పటికీ వాడుతున్నాం. మాప్ కూడా పనిచేసింది, టీవీలో చూపించినంత కాకపోయినా. నా అనుమానమంతా వస్తువు మీద కంటే, దాని చుట్టూ వాళ్లు పుట్టించే తొందర మీద.

తెర మీద ఓ మూల గడియారం వెనక్కి తిరుగుతుంటుంది. పక్కనే "ఇంకా ఇన్నే మిగిలాయి" అంటూ అంకె తగ్గిపోతుంటుంది. యాంకర్ గొంతు పెంచేకొద్దీ చూసేవాళ్లకు నిజంగానే టెన్షన్ మొదలవుతుంది. అదే కార్యక్రమాన్ని రాత్రి ఒకసారి, మర్నాడు పొద్దున మరోసారి చూడండి. అవే మాటలు, అదే చోట అదే తడబాటు, గడియారం మళ్లీ మొదటి నుంచి. ఎప్పుడో రికార్డు చేసిపెట్టిన కార్యక్రమంలో స్టాక్ ఇప్పుడెలా తగ్గుతుంది? నేను కొన్న మాప్ "ఈ ఒక్క రోజుకే" అన్న ఆఫర్‌తో ఆ తర్వాత కూడా నెలల తరబడి వస్తూనే ఉంది.

ఈ మాటల వెనక ఎంత ఆలోచన ఉంటుందో చెప్పే ఉదాహరణ ఒకటుంది. అమెరికాలో టీవీ అమ్మకాల కార్యక్రమాలకు స్క్రిప్టులు రాసే కొలీన్ జోట్ అనే ఆవిడ, "ఆపరేటర్లు సిద్ధంగా ఉన్నారు, వెంటనే ఫోన్ చేయండి" అనే పాత వాక్యాన్ని "ఆపరేటర్లు బిజీగా ఉంటే మళ్లీ ఫోన్ చేయండి" అని మార్చింది. అమ్మకాలు అమాంతం పెరిగాయి. మొదటిది వింటే ఫోన్లు రాక ఖాళీగా కూర్చున్న మనుషులు కళ్లముందు మెదులుతారు. రెండోది వింటే మనకంటే ముందే జనం ఎగబడి కొనేస్తున్నారనిపిస్తుంది. వస్తువు అదే, ధరా అదే. ఇది తెలిసినప్పటి నుంచి తెర మీద "లైన్లు బిజీ" అని కనబడితే నేను ఫోన్ జోలికే వెళ్లను.

లైవ్ ఛానళ్ల సంగతి కొంచెం వేరు. అవి ఎలా మొదలయ్యాయో చూడండి. 1977లో ఫ్లోరిడాలోని క్లియర్‌వాటర్‌లో ఓ ప్రకటనదారుడు రేడియో స్టేషన్‌కు బాకీ కట్టలేక, డబ్బుకు బదులు డబ్బాల మూతలు తీసే ఓపెనర్లు 112 ఇచ్చాడు. స్టేషన్ నడుపుతున్న బడ్ పాక్సన్ వాటిని రేడియోలోనే అమ్మమని బాబ్ సర్కోస్టా అనే వ్యాఖ్యాతకు అప్పజెప్పాడు. అన్నీ అమ్ముడైపోయాయి. ఆ అనుభవమే 1982 నాటికి హోమ్ షాపింగ్ క్లబ్ అనే కేబుల్ ఛానల్‌గా మారింది. ఆ రోజు స్టాక్ నిజంగానే 112, కాబట్టి "అయిపోతున్నాయి" అంటే నిజంగా అయిపోతున్నట్టే. నేటి లైవ్‌లోనూ ఆ లెక్క నిజమయ్యే వీలుంది. కాకపోతే ఏ నిమిషంలో ఎన్ని ఆర్డర్లు వస్తున్నాయో తెర వెనక వాళ్లకు కనిపిస్తూ ఉంటుంది, ఆ సంగతి యాంకర్ చెవిలో పడుతూ ఉంటుంది. ఏ మాట దగ్గర ఆర్డర్లు పెరిగితే ఆ మాటనే మళ్లీ తిప్పి చెబుతారు. అంటే మనం ఎక్కడ మెత్తబడతామో మన చేతే చెప్పించుకుంటారన్నమాట.

ఇక డెమో గురించి. నేను కొన్న మాప్ ప్రకటనలో తళతళలాడే తెల్లటి టైల్స్ మీద నల్ల పొడి చల్లి, దాని మీద రంగునీళ్లు పోస్తారు. ఒక్క తుడుపుకు నేల అద్దంలా అవుతుంది. అక్కడున్నది అప్పుడే పోసిన తడి. ఏ గుడ్డతో తుడిచినా పోతుంది. ఇళ్లలో ఉండేది ఎండి అట్టకట్టిన మరక, గచ్చు సందుల్లో పేరుకున్న జిడ్డు. వాటి దగ్గర మా మాప్ చేతులెత్తేసింది, వంగి బ్రష్‌తో రుద్దాల్సిందే. ఇంకో సంగతి: తుడిచేటప్పుడు మాప్‌ని చూడకండి, మరక అంచు చూడండి. మాప్ దాని మీదికి రాగానే కెమెరా మారుతుంది, మళ్లీ నేల కనిపించేసరికి నీడ పడే వైపు కూడా మారిపోయి ఉంటుంది. ఇక "ఫలితాలు అందరికీ ఒకేలా ఉండకపోవచ్చు" అన్న వాక్యం కింద చీమల బారులా వచ్చి, చదివేలోపు మాయమవుతుంది.

ధర విషయంలో వాళ్లు గీత కొట్టి చూపించే "అసలు ధర"ను నేనెప్పుడూ నమ్మలేదు. ఆ ధరకు ఆ వస్తువు అమ్మినవాళ్లు నాకు ఎక్కడా కనిపించలేదు. ముందు పెద్ద అంకె చూపించి, రెండుమూడు సార్లు తగ్గించి, చివరికి "ఇంకో సెట్ ఉచితం" అంటారు. ఆ ఉచిత సెట్‌కు డెలివరీ ఛార్జీ విడిగా పడుతుందని ఫోన్ చేశాకే తెలుస్తుంది. అడ్రస్ చెప్పడం పూర్తయ్యాక, మనం ఇక కాదనలేమనుకునే సమయంలో, అదనపు వారంటీ, మెంబర్‌షిప్ ఒక్కొక్కటే వస్తాయి. అందుకే నేను అడ్రస్ చెప్పే ముందే "అన్నీ కలిపి మొత్తం ఎంత కట్టాలి?" అని అడిగి, రెండోసారి చెప్పించుకుంటాను.

ఒంటికి సంబంధించినవి మాత్రం అసలు కొనొద్దు. పొట్టకు కట్టుకుంటే వ్యాయామం లేకుండానే సన్నబడతారని చెప్పి ఎలక్ట్రానిక్ బెల్టులు అమ్మినవాళ్ల మీద 2002లో అమెరికాలో వినియోగదారుల మోసాలను చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసులు వేసింది. ఒకేసారి మూడు రకాల బెల్టులు, మూడూ టీవీలో బాగా అమ్ముడైనవే. ఇన్నేళ్ల తర్వాత కూడా అవే మాటలు కొత్త పేర్లతో వింటుంటే నాకు కోపం వస్తుంది. మాప్ పనిచేయకపోతే మరక మిగులుతుంది, అంతే. షుగరుకో మోకాళ్ల నొప్పులకో మందు మానేసి టీవీలో కొన్న వస్తువు మీద ఆశ పెట్టుకున్న మనిషికి జరిగే నష్టాన్ని ఏ రిటర్న్ పాలసీ పూడుస్తుంది?

వాడిన కొద్దీ బయటపడేది విడిభాగాల కొరత. మాప్ తల అరిగిపోయింది. రీఫిల్ కోసం ఫోన్ చేస్తే ఆ మోడల్ ఇప్పుడు లేదన్నారు, బయట దొరికినవి దానికి పట్టలేదు. కొనేముందు "రీఫిల్ విడిగా అమ్ముతారా?" అని అడగడం "గ్యారంటీ ఎంత?" అని అడగడం కంటే ముఖ్యం. రిటర్న్ పెట్టినవి తీసుకున్నారు, కాదనను. అయితే కొరియర్ ఖర్చు మనదే, డబ్బు చేతికి వచ్చేదాకా ఫోన్లు చేస్తూనే ఉండాలి.

పగలంతా ఒంటరిగా టీవీ ముందు గడిపే పెద్దవాళ్లకు ఆ యాంకర్ ఇంటికొచ్చి పలకరించే మనిషి. "అమ్మా, మీ కోసమే తెచ్చాం" అంటుంటే మా అమ్మ తెలియకుండానే తలూపుతుంది. వద్దంటే నొచ్చుకుంటుందని, "నచ్చింది రాసిపెట్టమ్మా, రేపు నేనే తెప్పిస్తాను" అని చెప్పాను. రాసినవాటిలో బెడ్‌షీట్లు మాత్రం తెప్పించాం, బాగున్నాయి కూడా.

ఆర్డర్ పెట్టిన కొన్నాళ్లకు నాకు కొత్త నంబర్ల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. నా పేరు, కొన్న వస్తువు చెప్పి, లక్కీ డ్రాలో బహుమతి తగిలిందని, అది పంపాలంటే ముందు పన్ను కట్టాలని అడిగారు. ఆ వివరాలు ఎక్కడి నుంచి బయటికి పోయాయో షాపింగ్ కంపెనీ చెప్పలేదు. అప్పటి నుంచి ఆర్డర్లకు వేరే నంబరే ఇస్తున్నాను, అది బ్యాంకు ఖాతాకు కలిపిన నంబరు కాదు. మీ ఇంట్లో పెద్దవాళ్ల ఆర్డర్లకు కూడా వాళ్ల నంబరు కాకుండా మీది ఇవ్వండి, అలాంటి ఫోన్లు వస్తే మీకే వస్తాయి.