వాసరెలీ కోసం హంగరీలో రెండు మ్యూజియంలు: దేనికి వెళ్లాలి?

బుడాపెస్ట్ వెళ్లేవాళ్లు ఎక్కువగా పార్లమెంటు, డాన్యూబ్ మీద పడవ, వేడినీటి స్నానాలు చూసుకుని వచ్చేస్తారు. గ్రాఫిక్ డిజైన్ మీద కాస్త ఇష్టం ఉంటే, హంగరీలో పుట్టిన చిత్రకారుడు విక్టర్ వాసరెలీ పేరు మీదున్న మ్యూజియంకి ఒక పూట పెట్టుకోండి. అది బుడాపెస్ట్‌లోనే, ఓబుడా అనే పాత పేటలో ఉంది. రెండో మ్యూజియం పేచ్ అనే ఊళ్లో. బత్త్యానీ తేర్ (తేర్ అంటే కూడలి) దగ్గర హెచ్5 లోకల్ రైలెక్కి సెంట్‌లేలెక్ తేర్‌లో దిగితే నడక కొంచెమే. సిటీ పాస్ చాలు. సోమవారం మాత్రం మూసేస్తారు.

విక్టర్ వాసరెలీ 1906లో పేచ్‌లో పుట్టారు. మెడిసిన్ మధ్యలో వదిలేసి, 1929లో చిత్రకారుడు షాందోర్ బోర్త్‌న్యిక్ నడిపిన డిజైన్ స్కూల్లో చేరారు. జర్మనీలోని బౌహౌస్ అనే పేరున్న డిజైన్ స్కూలు దారిలో నడిచింది అది. 1930లో పారిస్ వెళ్లి ఏళ్ల తరబడి ప్రకటనల ఏజెన్సీలకు బొమ్మలు వేశారు. ఆప్ ఆర్ట్ (ఆకారాలు, రంగులతో కంటిని మాయ చేసే చిత్రకళ) పితామహుడన్న పేరు చాలా తర్వాత వచ్చింది.

ఓబుడాలో నాకు నచ్చింది ఆ తొలినాళ్ల గ్రాఫిక్ పనే. వాటిని చూశాక వేగా అని పేరు పెట్టి ఆయన వరసగా వేసిన బొమ్మల ముందు నిలబడండి. ఉన్నవి మామూలు గళ్లు, వృత్తాలే. మధ్యలోవి పెద్దవి, అంచులకు పోయేకొద్దీ నలిగి సన్నబడతాయి. అంతే, చదునైన కాన్వాస్‌ను వెనక నుంచి ఎవరో బంతితో నెడుతున్నట్టు ఉబ్బి కనిపిస్తుంది. చూపరి కన్ను ఎక్కడ ఆగుతుందో లెక్క వేసి గీయడం ఆయనకు పోస్టర్లతోనే అలవాటైందని నాకనిపించింది.

ఒక్క ఒరిజినల్ ఒక డబ్బున్నవాడి గోడ మీద ఉండిపోవడం ఆయనకు ఇష్టం లేదు. కొన్ని ఆకారాలు, కొన్ని రంగులు అక్షరాల్లా పెట్టుకుంటే ఎన్ని బొమ్మలైనా అల్లొచ్చు, ప్రింట్లుగా ఇళ్లకూ భవనాల గోడలకూ చేర్చొచ్చు అనేవారు. 1972లో కొడుకు ఇవరాల్‌తో కలిసి రెనో కార్ల వజ్రాకారపు లోగో చేశారు. మ్యూజియం గడప తొక్కనివాళ్లు కూడా ఆయన పనిని రోడ్డు మీద చూశారన్నమాట! (ఆ ప్రింట్లకీ ఇప్పుడు వేలంపాటల్లో మంచి ధరే. అది వేరే కథ.)

ఇక రెండో మ్యూజియం ఉన్న పేచ్‌కి బుడాపెస్ట్ నుంచి రైల్లో సుమారు మూడు గంటలు. ఇంటర్‌సిటీ రైలుకి సీటు ముందే బుక్ చేసుకుంటే టెన్షన్ ఉండదు. ఆయన పుట్టిన ఇంట్లో 1976లో తెరిచిన మ్యూజియం కాప్తలాన్ వీధిలో ఉంది. చిన్నదే, గదులు ఇరుకు. దగ్గర్లోనే జోల్నయ్ పింగాణీ మ్యూజియం. ఊరి నడిబొడ్డున తుర్కుల కాలపు మసీదు, ఇప్పుడు చర్చి.

పేచ్‌లో మేం దిగిన అపార్ట్‌మెంట్‌కి లిఫ్ట్ లేదు, తాళం కోడ్ చాలా ఆలస్యంగా పంపారు. సూట్‌కేసులతో వీధిలో నిలబడాల్సి వచ్చింది. రాత్రి చేరేవాళ్లు రిసెప్షన్ ఉన్న హోటలే చూసుకోండి. బుడాపెస్ట్‌లో అయితే బత్త్యానీ తేర్ చుట్టుపక్కల దిగండి, మెట్రో కూడా అక్కడే. శాకాహారులకు చీజ్ వేసిన లాంగోష్ (నూనెలో వేయించిన రొట్టె), మాంసం వద్దని చెప్పి తీసుకున్న ఫోజెలేక్ (చిక్కటి కూరగాయల కూర) దొరుకుతాయి.

ఒక్కదానికే టైముంటే ఓబుడాకే వెళ్లండి. పేచ్‌కి వాసరెలీ ఒక్కడి కోసం వెళ్లమనను, రాత్రి అక్కడే ఉండి ఊరంతా చూసేటట్టయితేనే వెళ్లండి.