జాగ్రత్త: ‘జీరో సీవీఈ’ కంటైనర్ ఇమేజ్‌లు కొనేముందు ఇది చూడండి

కంటైనర్ ఇమేజ్ అంటే ఒక ప్రోగ్రామ్‌ను, అది నడవడానికి కావాల్సిన ఫైళ్లను కలిపి కట్టిన మూట. సీవీఈ అంటే బయటికి తెలిసి, నంబర్ ఇచ్చిన భద్రతా లోపం. స్కాన్‌లో ఆ లోపాలు సున్నా వచ్చాయి కదా అని సబ్‌స్క్రిప్షన్‌కు డబ్బు కట్టేయకండి. ఒక వెండర్ ‘హార్డెన్’ చేశామని, అంటే భద్రత పెంచామని అమ్మిన డెబియన్ లినక్స్ బేస్ ఇమేజ్‌లో ఆ సున్నా ఎలా వచ్చిందంటే, ఏ ప్యాకేజీ ఏ వెర్షన్‌లో ఉందో జాబితాగా ఉండే డీపీకేజీ స్టేటస్ ఫైల్‌నే తీసేశారు. లైబ్రరీలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. ట్రివీ, గ్రైప్ లాంటి స్కానర్లు ఓఎస్ ప్యాకేజీల కోసం ప్రధానంగా ఆ జాబితానే చదువుతాయి. జాబితా లేకపోతే లోపాలూ కనబడవు.

పట్టుకోవడం కష్టం కాదు. ఇమేజ్ అంటే ఒకదానిపై ఒకటి పేర్చిన ఫైళ్ల పొరలు (లేయర్లు). డాకర్ సేవ్ కమాండ్‌తో ఇమేజ్‌ను టార్ ఫైల్‌గా తీసి, ఒక్కో లేయర్ విప్పి చూడండి. ‘.wh.’తో మొదలయ్యే పేరుతో స్టేటస్ ఫైల్ కనిపిస్తే, ఆ లేయర్‌లో దాన్ని తుడిచేశారన్నమాట. అసలు ఫైల్ కింది లేయర్‌లో అలాగే ఉంటుంది, అందులోని వెర్షన్లు చూస్తే నిజం తెలుస్తుంది. లేయర్లన్నీ స్క్వాష్ చేసి, అంటే ఒకటిగా కలిపేసి ఉంటే ఆ దారి మూసుకుపోయినట్టే. ‘ఇది డిస్ట్రోలెస్ (షెల్, ప్యాకేజీ మేనేజర్ లాంటివి లేని ఇమేజ్), అందుకే జాబితా ఉండదు’ అని చెబితే ఒప్పుకోకండి. గూగుల్ డిస్ట్రోలెస్ ఇమేజ్‌లలో ప్యాకేజీ మేనేజర్ ఏపీటీ ఉండదు గానీ, ప్యాకేజీల వివరాలు స్టేటస్.డి ఫోల్డర్‌లో ఉంటాయి.

ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్ఎస్ఎస్ఎల్‌కు చెందిన లిబ్‌క్రిప్టో ఫైల్‌పై, ఫైల్‌లోని అక్షరాలను చూపే స్ట్రింగ్స్ కమాండ్ నడిపితే దాని వెర్షన్ దొరుకుతుంది. కానీ దాన్నిబట్టి తీర్పు చెప్పలేం. డెబియన్ వాళ్లు చాలాసార్లు కొత్త వెర్షన్‌లోని ప్యాచ్‌లను పాత వెర్షన్‌కే చేరుస్తారు (బ్యాక్‌పోర్ట్), ఆ సంగతి తెలిసేది ప్యాకేజీ రివిజన్ నంబర్‌తోనే. ఆ నంబర్ ఉన్న ఫైల్‌నే తీసేస్తే ప్యాచ్ పడిందో లేదో కొన్నవాళ్లకు తేలిగ్గా తెలిసే మార్గం లేదు. ఇది సాంకేతిక పొరపాటు కాదు, కొనేవాళ్లను మోసం చేయడమే.

ఎస్‌బామ్ (లోపల ఏయే భాగాలున్నాయో చెప్పే జాబితా) ఇచ్చారని తృప్తి పడొద్దు. ఫైల్ తుడిచాక చివరి ఇమేజ్ నుంచి తీసిన ఎస్‌బామ్‌లో కూడా ఓఎస్ ప్యాకేజీల భాగం ఖాళీగానే ఉంటుంది. బిల్డ్ జరుగుతున్నప్పుడు తయారైనదే అడగండి. ఇమేజ్‌పై కోసైన్ టూల్‌తో పెట్టిన డిజిటల్ సంతకం ఎవరు సైన్ చేశారో చెబుతుంది తప్ప లోపల ఏముందో చెప్పదు.

ట్యాగ్ అంటే తర్వాత వేరే ఇమేజ్‌కు మార్చగలిగే పేరు. దాంతో ఇమేజ్ దించుకోకుండా, లోపలి విషయం మారితే మారిపోయే ఎస్‌హెచ్ఏ256 డైజెస్ట్‌తో పిన్ చేయండి. మీ బిల్డ్ పైప్‌లైన్‌లో వాడే గిట్‌హబ్ యాక్షన్లకూ (బయటివాళ్లు రాసిన రెడీమేడ్ స్క్రిప్టులు) ట్యాగ్ బదులు పూర్తి కమిట్ హ్యాష్ పెట్టండి. 2025 మార్చిలో టీజే-యాక్షన్స్ ఛేంజ్డ్-ఫైల్స్ అనే యాక్షన్ ట్యాగ్‌లను దాడి చేసినవాళ్లు హానికర కమిట్‌కు మళ్లించినప్పుడు, ట్యాగ్‌ను నమ్ముకున్న రిపోల సీక్రెట్లు (పాస్‌వర్డ్‌లు, కీలు) బిల్డ్ లాగ్‌లలోకి వచ్చాయి.

ఒప్పందంలో ‘స్కాన్‌లో సున్నా’ అని మాత్రమే ఉంటే, ఇదంతా బయటపడ్డాక కూడా వెండర్ మాట తప్పలేదనే వాదిస్తాడు. ప్యాకేజీ డేటాబేస్ ఇమేజ్‌లో ఉండాలని, క్రిటికల్ ప్యాచ్ ఎన్ని రోజుల్లో ఇవ్వాలో, ఆ లెక్క ఏ రోజు నుంచి మొదలవుతుందో సంతకానికి ముందే రాయించుకోండి.