విజయవాడలో నెరవు పాఠం, పక్క గోడ అవతల జనరేటర్ శ్రుతి

కీర్తనలోని ఒక పాదాన్ని, మాటలు మార్చకుండా, కొత్త కొత్త స్వర సంచారాలతో మళ్లీ మళ్లీ పాడే పద్ధతిని నెరవు అంటారు. ఆ రెండు గంటల నెరవు పాఠం కోసమైతే రేపు పిలిచినా విజయవాడ వెళ్తాను. ఆ నిర్వాహకులే మళ్లీ పిలిస్తే మాత్రం డబ్బు కట్టేముందు నాలుగు ప్రశ్నలు అడుగుతాను.

మా అభిమాన గాయని చెన్నై నుంచి వచ్చి ఆదివారం పాఠం చెబుతారని తెలియగానే, హైదరాబాద్‌లో ఆమె కచేరీలకు కలిసి వెళ్లే మా బృందం బయలుదేరింది. నేను, మా మేనకోడలు, మా వీధి అక్కయ్య, బ్యాంకులో పనిచేసి రిటైరైన మాస్టారు. సికింద్రాబాద్ నుంచి శాతవాహన ఎక్స్‌ప్రెస్‌లో ప్రయాణం హాయిగా సాగింది. స్టేషన్ నుంచి గవర్నర్‌పేటకు ఆటో 150 అడిగి 100కు వచ్చాడు.

హాయి అక్కడితో సరి. లాడ్జిలో ఏసీ గది 1,900 రూపాయలని ఫోనులో చూసి రెండు గదులు తీసుకున్నాం. తాళాలు ఇచ్చేటప్పుడు కౌంటరులో కుర్రవాడు, "ఏసీ వేసుకుంటే గదికి 400 అదనమండీ" అన్నాడు. ఏసీ గదిలో ఏసీ అదనమేమిటని అడిగితే, "గది ఏసీదేనండీ, రిమోటు వేరు" అని తాపీగా జవాబు. రాత్రి పదిన్నరకు సామాన్లతో నిలబడి వాదించే ఓపిక ఎవరికుంటుంది? కట్టాం. రసీదు అడిగితే ప్రింటరు పనిచేయడం లేదన్నాడు. స్నానాల గదిలో వేడినీళ్లు ఉదయం ఆరు నుంచి ఏడు వరకేనట. ఆ సంగతి తలుపు వెనక అంటించిన కాగితం చెప్పింది, మనిషి చెప్పలేదు.

ఇంతా చేసి నిద్ర లేదు. గోడ అవతల పెళ్లి మండపం, దాని జనరేటర్ సరిగ్గా మా కిటికీ కింద. తెల్లవారుజామున మూడింటి దాకా ఒకటే హోరు. పొద్దున మాస్టారు ఎర్రటి కళ్లతో వచ్చి, "ఆ జనరేటర్ హోరు నాలుగు శ్రుతికి కాస్త తక్కువలో ఉందమ్మా, తంబురా యాప్‌తో సరిచూశాను. పూర్తిగా కలిసి ఉంటే కాస్త సాధన చేసుకునేవాణ్ని" అన్నారు. అక్కయ్య మాత్రం నవ్వలేదు. మధ్యాహ్నం దాకా ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు కూడా.

గవర్నర్‌పేటలో దిగేవారికి నా సలహా ఒకటే: గది చూడకుండా డబ్బు కట్టవద్దు, చూసేటప్పుడు కిటికీ తెరిచి కిందికి చూడండి. పెళ్లిళ్ల రోజుల్లోనైతే మండపం పక్కన అసలు దిగవద్దు.

గాంధీనగర్ బాబాయ్ హోటల్ ఇడ్లీ మా ప్రాణాలు నిలిపింది. వేడి ఇడ్లీ మీద వెన్నముద్ద కరుగుతుండగా కారప్పొడి అద్దుకుని తినాలి. కూర్చోవడానికి చోటు దొరికేదాకా నిలబడాల్సిందే, అయినా నిలబడండి.

వర్క్‌షాప్ లబ్బీపేటలో ఒక హాలులో. రుసుము 1,500, ముందు వరుసకు 3,000. మాస్టారికి చెవి కొంచెం మందం కాబట్టి ఆయన 3,000 కట్టారు. తీరా వెళితే ముందు వరుస సోఫాల నిండా నిర్వాహకుల బంధువులు, దాతలు. "కాసేపు సర్దుకోండి సార్" అని ఆయనను నాలుగో వరుసకు పంపారు. తిరిగి ఇవ్వాల్సిన 1,500 గురించి ఎవరూ నోరు మెదపలేదు. పైగా గాయనితో ఫోటో కావాలంటే 500 రూపాయల కూపను!

ఆ రోజు పాఠానికి ఆమె ఎంచుకున్న కీర్తన త్యాగరాజస్వామి 'నిధి చాల సుఖమా'. తంజావూరు రాజు పిలిచి కానుకలు ఇస్తానంటే కాదని పాడారని చెప్పుకునే కల్యాణి రాగ కీర్తన. మాస్టారు కూపన్ల బల్ల వైపు చూసి, "పల్లవి వాళ్లకు వినిపిస్తే బాగుండు" అన్నారు.

ఆమె వేదిక ఎక్కగానే చేసిన మొదటి పని సోఫాల ముందున్న ఖాళీలో తివాచీ పరిపించడం. "తాళం వేసే చేతులు నాకు కనిపించాలి, వేసేవాళ్లు ముందుకు రండి" అన్నారు. సోఫాల్లో ఒక్కరూ కదల్లేదు. మేము వెళ్లి కింద కూర్చున్నాం, మాస్టారు అందరికన్నా ముందు. మోకాళ్ల నొప్పి సంగతి ఆయనకు గుర్తే లేదు.

'మమతా బంధన యుత నరస్తుతి సుఖమా' అన్న చోట నెరవు. సంగతులు, అంటే ఒక పాదానికి ముందే కూర్చిన స్వర మార్పులు, నేర్చుకున్నట్టు దీన్ని వల్లించడం కుదరదు. సాహిత్యం అదే, చాపు తాళంలో ఎత్తుగడ, అంటే పాదం అందుకునే చోటు, అదే, ఏ అక్షరం ఎక్కడ పడాలో అక్కడే పడాలి. మారేది రాగం నడక ఒక్కటే. ముందు గాంధార స్వరం (గ) చుట్టూ విలంబంగా, అంటే నెమ్మదిగా, తిరగమన్నారు. తరువాత షడ్జ పంచమాలను (స, ప స్వరాలను) తప్పించి నడవమన్నారు, కల్యాణి అందం అక్కడ బయటపడుతుందని. మా మేనకోడలు లేచి పాడుతూ 'నరస్తుతి'ని మధ్యలో విరిచి ఊపిరి తీసుకుంది. గాయని ఆపి, "తెలుగు మీ ఇంటి భాష, ఆ మాట నన్ను విరవనివ్వకూడదు మీరు" అన్నారు నవ్వుతూ. మళ్లీ పాడించారు, మరో రెండుసార్లు పాడించారు. పిల్ల ముఖం కందిపోయింది గానీ, చివరిసారి తారస్థాయిలో నిలిచి ఎత్తుగడకు సరిగ్గా వచ్చి వాలింది. ఆమె తొడ మీద తాళం ఆపకుండానే "భేష్" అన్నారు.

పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు శిష్యులకు పాఠం చెప్పిన ఊరిలో పాఠం చెప్పడానికి భయంగా ఉందని కూడా ఆమె అన్నారు. ఆ పంతులుగారి శిష్యుడే బాలమురళీకృష్ణ. ఆయన ప్రిన్సిపాల్‌గా పనిచేసిన సంగీత కళాశాలను, ఇప్పుడు ఘంటసాల పేరున్నదాన్ని, చూడాలని మధ్యాహ్నం వెళ్లాం. ఆదివారం కదా, గేటు బయటి నుంచే చూశాం.

రుసుములో కలిపామన్న భోజనం చల్లారిన పులిహోర, ఒక అరటిపండు. దాని గురించి రాయడం దండగ.

మాస్టారి 1,500 ఇంకా రాలేదు. ఫోను చేస్తే "వచ్చే కార్యక్రమంలో సర్దుతాం సార్" అంటున్నారట. ఫోటో కూపను మాలో ఎవరూ కొనలేదు. మేనకోడలు మాత్రం, "అత్తా, లాడ్జి నువ్వు చూడు, టికెట్టు నేను 1,500ది తీస్తాను, ఎలాగూ కిందే కూర్చుంటాం" అంటూ గాయని తరువాతి పాఠం ఏ ఊరిలోనో వెతుకుతోంది.