కంబాలకొండలో పక్షుల నడక: ప్రసంగానికి మెచ్చుకోలు, కూత వినిపించే స్పీకరు వాడకానికి అభ్యంతరం

శీతాకాలపు ఆదివారాల్లో విశాఖ పక్కనున్న కంబాలకొండ అభయారణ్యంలో పక్షులను చూపించి, ఆ తరువాత తెరపై చిత్రాలతో యూరప్, ఆసియా ఖండాల ఉత్తరపు చలి ప్రాంతాల అడవుల పక్షులను గురించి వివరించే ఒక స్థానిక బృందం సేవ ఇది. మనిషికి 500 రూపాయలు. బైనాక్యులర్ వారే ఇస్తారు.

ప్రసంగం చాలా బాగుంది. చెట్టు మాను కుళ్లితేనే అందులో తొర్ర తొలుచుకోగల విల్లో టిట్ అనే చిన్న పిట్టకు, ఎండిన చెట్లను ఏరివేసి అడవిని కలపతోటగా మార్చే ఫిన్లాండ్, స్వీడన్ పద్ధతులు నిలువ నీడ లేకుండా చేస్తున్నాయని చక్కగా విడమరిచారు. సైబీరియన్ జే అనే పక్షి గూటికి స్ప్రూస్ అనే సూదాకుల చెట్ల దట్టమైన చాటు కావాలనీ, అడవిని పలచన చేస్తే ఆ గూడు శత్రువుల కంటబడుతుందనీ చెప్పారు. ఎల్లో బ్రెస్టెడ్ బంటింగ్ నిజానికి తడి పచ్చికల, పొదల పక్షే గాని అడవి పక్షి కాదు. అయినా దాని కథ చేర్చడం సబబే. ఫిన్లాండ్ నుంచి జపాన్ దాకా లెక్కకు మిక్కిలిగా ఉండిన ఈ పిట్ట, వలస దారిలో తిండి కోసం వలలు పన్ని పట్టడం వల్ల 1980, 2013 మధ్య 84 నుంచి 95 శాతం తగ్గిపోయింది. చైనా 1997లోనే ఈ వేటను నిషేధించినా చాటుమాటు అమ్మకం ఆగలేదు. 2017లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ దీన్ని అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల్లో చేర్చింది.

ఇంత తెలిసినవారు అడవిలో చేసిన పని మాత్రం నాకు మింగుడుపడలేదు. సైబీరియా నుంచి చలికాలానికి మన వైపు వచ్చే టైగా ఫ్లైక్యాచర్ అనే చిన్న పిట్ట కనబడకపోయేసరికి, మార్గదర్శి సెల్‌ఫోనుకు స్పీకరు తగిలించి దాని కూతను పదేపదే వినిపించారు. పిట్ట వచ్చింది, అందరికీ ఫోటోలు దొరికాయి. కానీ చలికాలంలోనూ తన చోటును కాచుకొనే ఆ పక్షి, ప్రత్యర్థి చొరబడిందని భ్రమించి, పురుగులు పట్టుకోవలసిన పొద్దుటి వేళను వెతుకులాటకు ఖర్చు చేసింది. ముక్కంతా నలుపు, తోక మొదట్లో ముదురు నల్లని ఈకలు అంటూ ఎర్రరొమ్ము ఫ్లైక్యాచర్ నుంచి దీన్ని వేరుచేసే గుర్తులను చెప్పడానికి ఒక మంచి చిత్రం సరిపోయేది. ఇక కొండ అంచుల దాకా పాకుతున్న విశాఖ కాలనీల ఊసే ప్రసంగంలో రాలేదు.

ప్రసంగం కోసం తప్పక వెళ్లవచ్చు. డబ్బు కట్టేముందు మాత్రం స్పీకరు వాడబోమని మాట తీసుకోండి. బృందం పది మందికి మించితే మరో ఆదివారానికి మార్చుకోండి.